మైలుకు ఎంత మిగులుతుంది? – అమెరికా లారీల సంగతి
(రేడియో ప్రసంగ పాఠం)



2023 జూలై 20వ తేదీ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తేదీ గుర్తు లేకపోయినా ఆ రెండు మూడు రోజులు గుర్తుంటాయి. బాస్మతి తప్ప మిగతా తెల్లబియ్యం ఎగుమతిని ఇండియా ఆపేసిందని వార్త రాగానే, ఊరూరా మన ఇండియన్ స్టోర్ల ముందు క్యూలు కట్టారు. సోనా మసూరి బస్తాలు ఒక్కొక్కరు అయిదూ పదీ కార్ల డిక్కీల్లో వేసుకున్నారు. కొన్ని చోట్ల మనిషికి ఒక్క బస్తాయే అని బోర్డులు పెట్టారు. ఆ నిషేధం 2024 సెప్టెంబరులో ఎత్తేశారు. అప్పుడు కొన్న బియ్యం ఇంకా గరాజులో ఉన్నవాళ్ళు ఉంటే చేతులెత్తనవసరం లేదు, ఇది రేడియో కాబట్టి ఎవరికీ కనిపించదు.

సరిగ్గా పది రోజుల తరవాత, జూలై 30న, మరో సంగతి జరిగింది. ఎల్లో అనే లారీ కంపెనీ మూతపడింది. 1924లో ఒక్లహోమా సిటీలో మొదలైన కంపెనీ, నూరేళ్ళకు ఒక్క ఏడాది తక్కువ. దాదాపు 30,000 మంది ఉద్యోగాలు పోయాయి. అందులో 22,000 మంది టీమ్‌స్టర్స్ యూనియన్ వాళ్ళు. అమెరికా లారీ రంగంలో అంత పెద్ద కంపెనీ మూతపడడం అంతకు ముందు లేదు. మన ఇళ్ళలో ఎవరూ దాని గురించి మాట్లాడుకోలేదు. బియ్యం గురించి మాట్లాడుకున్నాం.

ఆ రెండింటికీ చుట్టరికం ఉంది. హ్యూస్టన్ రేవులో దిగిన బియ్యం కంటెయినరు మొదట ఒక లారీ ఎక్కి గోడౌనుకు పోతుంది. అక్కడినుంచి ఇంకో లారీలో డాలస్ వస్తుంది. డాలస్‌లో చిన్న ట్రక్కు ఎక్కి మన స్టోరుకు చేరుతుంది. ఈ దేశంలో కదిలే సరుకులో, బరువు లెక్కన చూస్తే, నూటికి 72 పాళ్ళ దాకా లారీల మీదే కదులుతుంది. రైలు ఎక్కినదైనా, ఓడ దిగినదైనా చివరికి లారీ ఎక్కవలసిందే. అంటే మన వంటింట్లో లారీ ఎక్కని వస్తువు పెరట్లో కాసిన బీరకాయ తప్ప మరొకటి లేదు. ఆ బీర విత్తనం కూడా లారీలోనే వచ్చింది!

నేను చాలా ఏళ్ళుగా డాలస్‌లో సరుకు రవాణా కంపెనీలకు సాఫ్టువేరు రాసే పనిలో ఉన్నాను. లారీ ఏ గోడౌను గేటు లోపలికి ఎన్ని గంటలకు పోయిందో, ఎన్ని గంటలకు బయటపడిందో ఆ లెక్కలు రోజూ కంటి ముందు పోతుంటాయి. ఈ మధ్య మనవాళ్ళు కనపడితే ఒక ప్రశ్న తరచుగా అడుగుతున్నారు. "ఏవండీ, ట్రక్కుల్లో డబ్బు పెడితే ఎలా ఉంటుంది?" పెళ్ళి భోజనాల దగ్గరా ఇదే, గుడి పార్కింగులోనూ ఇదే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే కంటె అందరికీ ఒకసారి చెబితే మంచిదనిపించింది. ఈ పరిశ్రమ ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, ఎటు పోతోంది అన్నది ఆ ప్రశ్నకు జవాబులోనే వస్తుంది.

ముందు ఆ బియ్యం బస్తాతోనే ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక లారీలో సుమారు 40,000 పౌన్ల సరుకు వేయవచ్చు. బండీ సరుకూ కలిపి 80,000 పౌన్లు దాటకూడదని కేంద్ర ప్రభుత్వ నియమం. హ్యూస్టన్ నుంచి డాలస్‌కు 240 మైళ్ళు. ఆ లోడుకు 800 డాలర్ల కిరాయి అనుకుందాం, లెక్క సులువుగా ఉండడానికి. నలభై వేల పౌన్ల మీద పంచితే పౌనుకు రెండు సెంట్లు. ఇరవై పౌన్ల బస్తాకు నలభై సెంట్లు. బస్తా ధర ఇరవై డాలర్లు దాటుతుంది కదా, అందులో ఆ 240 మైళ్ళు తెచ్చినవాడి వాటా నలభై సెంట్లు. కిరాయి రెట్టింపయినా మీకూ నాకూ పెద్దగా తెలియదు. కానీ ఆ 800 కాస్తా 600 అయితే లారీవాడు మునిగిపోతాడు. ఈ పరిశ్రమలో కష్టమంతా ఇక్కడే ఉంది.

ఆ 800 ఎందుకు 600 అవుతుందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1935లో అమెరికా ప్రభుత్వం లారీ రవాణాను తన అదుపులోకి తెచ్చుకుంది. ఏ కంపెనీ ఏ రూట్లో ఏ సరుకు మోయాలో, ఎంత కిరాయి తీసుకోవాలో ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్ ఒప్పుకోవాలి. కొత్తవాడు రంగంలోకి రావాలంటే ఆకాశానికి నిచ్చెన వేయాలి. ఉన్నవాళ్ళకు మాత్రం హాయి. డ్రైవర్లకు యూనియను ఉండేది, మంచి జీతం ఉండేది. సరుకు పంపేవాళ్ళకు కిరాయిలు ఎక్కువ. 1980 జూలై 1న జిమ్మీ కార్టర్ మోటార్ క్యారియర్ చట్టం మీద సంతకం పెట్టారు. గేట్లు తెరుచుకున్నాయి. మన ఊళ్ళలో పర్మిట్ రాజ్యం అని ఒక మాట ఉండేది కదా, అమెరికా లారీలకు ఆ రాజ్యం ఆ రోజుతో పోయిందన్నమాట.

కిరాయిలు పడ్డాయి. సరుకులు చవకయ్యాయి. వాల్‌మార్ట్ లాంటి దుకాణాలు దేశమంతా పరుచుకోవడానికి అది బాగా కలిసివచ్చింది. అయితే డ్రైవరు సంపాదన, ధరల పెరుగుదల తీసేసి చూస్తే, దిగజారిపోయింది. మైకేల్ బెల్జర్ అని ఒక ఆర్థికవేత్త ఉన్నారు, ఒకప్పుడు స్వయంగా లారీ నడిపిన మనిషి. ఆయన 2000లో దీని మీద ఒక పుస్తకం రాశారు. పేరు "స్వెట్‌షాప్స్ ఆన్ వీల్స్". చక్రాల మీద నడిచే చాకిరీ కొట్లు అనుకోండి. ఆ పేరు కొందరికి మరీ ఘాటుగా అనిపించవచ్చు గానీ, నాకు అనిపించలేదు.

ఈ రంగంలో రెండు రకాల వ్యాపారాలున్నాయి. ఇది తెలియకుండా డబ్బు పెట్టకూడదు. ఒకటి, పది మంది సరుకు కొంచెం కొంచెం పోగుచేసి ఒక లారీలో వేసేది. మన నవతా ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో పార్సిలు బుక్ చేస్తాం చూడండి, ఆ తరహా. దానికి ఊరూరా టెర్మినళ్ళు, గోడౌన్లు, ఫోర్క్‌లిఫ్టులు కావాలి. కొత్తవాడు అంత తేలికగా దిగలేడు. ఎల్లో ఈ రకమే. రెండోది, ఒకే కంపెనీ సరుకు లారీ నిండా వేసుకుని ఒక చోటినుంచి ఇంకో చోటికి సూటిగా పోవడం. దానికి ఒక లారీ, ఒక లైసెన్సు, ఇన్సూరెన్సు, ఒక సెల్‌ఫోను ఉంటే చాలు. ప్రభుత్వానికి కట్టే అర్జీ ఫీజు 300 డాలర్లు. మనవాళ్ళు అడిగేది ఎప్పుడూ ఈ రెండో రకం గురించే. ఈ దేశంలో లారీ కంపెనీల్లో నూటికి 90కి పైగా పది బండ్లు, అంతకు తక్కువ ఉన్నవే. విజయవాడ ఆటోనగర్లో అప్పుచేసి ఒక లారీ పెట్టి, బావమరిదిని డ్రైవరుగా పెట్టుకున్న మనిషికీ, టెక్సస్‌లో ఒక ట్రాక్టరు కొన్న మనిషికీ పెద్ద తేడా లేదు. పక్కన క్లీనరు ఉండడు, అంతే. అద్దాలు తుడుచుకునేది, టైర్లు కొట్టి చూసుకునేది అన్నీ తనే.

మరి అంత గట్టి కోట కట్టుకున్న ఎల్లో ఎందుకు పడింది? 2003లో రోడ్‌వే అనే కంపెనీనీ, 2005లో యు.ఎస్.ఎఫ్. అనే కంపెనీనీ అప్పులు చేసి కొన్నది. ఒక్కొక్కటీ వంద కోట్ల డాలర్లకు పైమాటే. కొన్నవాటిని ఒక గాడిన పెట్టేలోగా 2008 మాంద్యం వచ్చింది. ఆ అప్పు భారం మరి దిగలేదు. కార్మికులు మధ్యలో జీతాలు తగ్గించుకున్నారు. 2020లో కోవిడ్ సహాయం కింద ప్రభుత్వం 70 కోట్ల డాలర్లు అప్పిచ్చింది. 2023 వేసవిలో పెన్షను సొమ్ము కట్టలేదని యూనియను సమ్మె నోటీసు ఇచ్చేసరికి, సరుకు పంపేవాళ్ళు భయపడి వేరే కంపెనీలకు మారిపోయారు. అంతే, కొన్ని రోజుల్లో అయిపోయింది. యూనియను వల్ల అని కొందరు, యాజమాన్యం వల్ల అని కొందరు. నన్నడిగితే ఇరవై ఏళ్ళ నాటి ఆ కొనుగోళ్ళ దగ్గరే వేళ్ళున్నాయంటాను. విచిత్రం ఏమిటంటే, దివాలా తరవాత వాళ్ళ టెర్మినళ్ళు వేలం వేస్తే దాదాపు 190 కోట్ల డాలర్లు పలికాయి. లారీలు నడిపి చేయలేని డబ్బు, లారీలు నిలబెట్టే స్థలాలు తెచ్చాయి. మన నేలమీది మమకారానికి ఇక్కడ కూడా ఒక రుజువు దొరికింది.

సరే, ఒక లారీ పెట్టామనుకోండి. మైలుకు ఎంత ఖర్చు? అమెరికన్ ట్రాన్స్‌పోర్టేషన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఏటా ఈ లెక్క కడతారు. 2023కు వాళ్ళు తేల్చిన సగటు మైలుకు 2 డాలర్ల 27 సెంట్లు. డ్రైవరు జీతం 78 సెంట్లు, అతని ఆరోగ్య బీమా వగైరాలు మరో 19. డీజిలు 55. బండి వాయిదాలు 36. రిపేర్లు 20. ఇన్సూరెన్సు 10. టైర్లూ, టోల్ రుసుములూ, పర్మిట్లూ మిగతావి. ఈ పది సెంట్ల ఇన్సూరెన్సు చూసి సంతోషపడకండి. అది పెద్ద కంపెనీలు కలిసిన సగటు. కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న ఒక్క బండివాడికి ఏడాదికి పదిహేను వేల డాలర్లు అడిగినా ఆశ్చర్యం లేదు. చట్టం ప్రకారం ఏడున్నర లక్షల డాలర్ల బీమా ఉంటే చాలు, కానీ పది లక్షలది లేకపోతే బ్రోకర్లు లోడివ్వరు.

ఇప్పుడు రాబడి. 2023, 2024 సంవత్సరాల్లో రోజువారీ బజారులో మామూలు బాక్సు ట్రెయిలరు లోడుకు, డీజిలు ఖర్చుతో కలిపి, మైలుకు 2 డాలర్ల చుట్టుపక్కల పలికింది. ఖర్చు 2.27, రాబడి 2. పైగా ఆ రెండు డాలర్లు లోడున్న మైలుకే. నూరు మైళ్ళలో పదిహేనో పదహారో ఖాళీగా తిరిగేవి ఉంటాయి. వాటికి ఎవరూ ఇవ్వరు. మరి వీళ్ళు ఎలా బతికారు? సొంత బండి సొంతంగా నడుపుకునేవాడు తన జీతం తాను తగ్గించుకుని బతికాడు. అద్దె డ్రైవరును పెట్టుకుని ఇంట్లో కూర్చున్న యజమాని బతకలేదు. మనవాళ్ళు అడుగుతున్నది ఈ రెండో పద్ధతి కాబట్టి చెబుతున్నాను.

ఆ రెండేళ్ళే ఎందుకు, బాగున్న రోజులు చెప్పవా అంటారేమో. ఉన్నాయి. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ దెబ్బకు కిరాయిలు ఎంత పడిపోయాయంటే, మే నెలలో లారీవాళ్ళు వాషింగ్టన్ వెళ్ళి కాన్‌స్టిట్యూషన్ ఎవెన్యూ మీద బండ్లు వరసగా నిలబెట్టి హారన్లు మోగించారు. రెండు నెలలు తిరిగేసరికి కథ మారింది. జనం సినిమాలకూ హోటళ్ళకూ పోలేక ఆ డబ్బంతా పెట్టి సామాన్లు కొన్నారు. ట్రెడ్‌మిల్లులు, బల్లలు, కుర్చీలు. అవన్నీ లారీల్లోనే రావాలి. 2022 మొదట్లో మైలుకు మూడు డాలర్లు పలికింది. నెలనెలా వేల కొద్దీ కొత్త లారీ కంపెనీలు పుట్టాయి. పాత బండ్లను కొత్త బండ్ల ధరకు కొన్నారు. సరిగ్గా ఆ సమయంలోనే మనవాళ్ళలోనూ చాలామందికి ఈ ఆలోచన తగిలింది, పక్కింటాయన నెలకు ఇంత తెచ్చుకుంటున్నాడట అని. 2022 వసంతంలో కిరాయిలు పడడం మొదలైంది, జూన్‌లో డీజిలు గాలనుకు 5 డాలర్ల 80 సెంట్లు దాటి రికార్డు కొట్టింది. అప్పటికి బండి వాయిదాలు ఇంకా నాలుగేళ్ళవి ఉన్నాయి. ఎవరైనా దిగగలిగిన వ్యాపారంలో లాభం ఎక్కువ కాలం నిలవదు. మూడు డాలర్లు పలికితే జనం వస్తారు, వస్తే రెండవుతుంది, రెండయితే కొందరు పోతారు, పోతే మళ్ళీ పెరుగుతుంది. 1980 నుంచీ ఇదే తంతు.

ఇక నాకు బాగా బాధ కలిగించే విషయానికి వస్తాను. నిరీక్షణ.

డ్రైవరు రోజులో 11 గంటలకు మించి నడపకూడదు. ఆ పదకొండు గంటలూ, పని మొదలుపెట్టిన 14 గంటల లోపలే నడపాలి. తరవాత పది గంటలు విశ్రాంతి. నిద్రమత్తులో ప్రమాదాలు జరగకుండా పెట్టిన మంచి నియమం. పాత రోజుల్లో కాగితం పుస్తకంలో రాసుకునేవారు, అందులో కాస్త కవిత్వం కూడా ఉండేది. 2017 డిసెంబరు నుంచి ఎలక్ట్రానిక్ పెట్టె తప్పనిసరి అయింది. ఇంజను తిరిగిందా లేదా అది చెప్పేస్తుంది. మంచిదే. కానీ ఆ 14 గంటల గడియారం గోడౌను దగ్గర లారీ నిలబడి ఉన్నప్పుడు కూడా తిరుగుతూనే ఉంటుంది. ఉదయం ఎనిమిదికి రమ్మంటారు. ఎనిమిదికి వస్తాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు డాకు ఖాళీ అవుతుంది. మొదటి రెండు గంటలు ఉచితం అని వాడుక. తరవాతి గంటలకు ఇస్తామన్న డబ్బు ఇచ్చేవారు కొందరు, వాయిదా వేసేవారు కొందరు, అసలు కాగితమే పోయిందనేవారు కొందరు. డ్రైవర్లలో చాలామందికి జీతం మైలు లెక్కన. చక్రం తిరగకపోతే పైసా లేదు. పోనీ ఓవర్‌టైమ్ ఉంటుందా? 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టంలోనే రాష్ట్రాలు దాటి తిరిగే లారీ డ్రైవర్లకు ఓవర్‌టైమ్ నుంచి మినహాయింపు ఉంది. మినహాయింపు అంటే యజమానికి, డ్రైవరుకు కాదు.

2018లో రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం దీన్ని లెక్కగట్టింది. ఈ పడిగాపుల వల్ల డ్రైవర్లు ఏడాదికి 110 నుంచి 130 కోట్ల డాలర్లు నష్టపోతున్నారని తేలింది. ఇంకో సంగతి కూడా ఆ నివేదికలో ఉంది. గోడౌను దగ్గర సగటు నిరీక్షణ పదిహేను నిమిషాలు పెరిగితే ప్రమాదాల రేటు 6.2 శాతం పెరుగుతుందట. పోయిన సమయాన్ని రోడ్డు మీద పట్టుకోవాలని చూస్తారు మరి. మన పిల్లలు అదే రోడ్డు మీద యూనివర్సిటీనుంచి ఇంటికి నడుపుకుంటూ వస్తుంటారు.

మా సాఫ్టువేరులో ఆ గేటు సమయాలు కనిపిస్తాయన్నాను కదా. లోపలికి 8:04, బయటికి 14:40. చూసినప్పుడల్లా, ఈ ఆరున్నర గంటలు ఎవరి ఖాతాలో రాశారు అనిపిస్తుంది. గోడౌనువాడి ఖాతాలో లేదు, సరుకు పంపినవాడి ఖాతాలో లేదు, బ్రోకరు ఖాతాలో లేదు. అందుకే ఆ గోడౌను తన పద్ధతి మార్చుకోవలసిన అవసరం రాదు.

గంటలు అయిపోతే లారీ ఎక్కడో ఆపాలి. ఎక్కడ? దేశంలో పదకొండు మంది డ్రైవర్లకు ఒక పార్కింగు చోటు ఉందని అంచనా. రాత్రిపూట హైవే ఎక్కే ర్యాంపుల పక్కన, చీకట్లో లైన్లుగా లారీలు నిలిచి ఉండడం మీరు చూసే ఉంటారు. అది సరదాకు కాదు. 2009లో సౌత్ కరోలినాలో జేసన్ అనే డ్రైవరు సరుకు దించే వేళకు ముందే చేరుకుని, లోపలికి రానివ్వకపోతే, మూతపడిన ఒక పెట్రోలు బంకులో బండి ఆపుకుని పడుకున్నాడు. ఏడు డాలర్ల కోసం అతన్ని కాల్చి చంపారు. భార్య అప్పుడు నిండు గర్భిణి. ఆమె పట్టు వదలకుండా తిరిగితే, 2012లో లారీ పార్కింగు స్థలాల కోసం అతని పేరుమీదే ఒక చట్టం వచ్చింది, జేసన్స్ లా అని. చట్టం వచ్చింది గానీ చోటు చాలినంత రాలేదు.

ఇదంతా చెప్పాక, "డ్రైవర్ల కొరత" అన్న మాట గురించి వేరే చెప్పనక్కరలేదేమో. 2021లో 80,000 మంది డ్రైవర్లు తక్కువున్నారని అమెరికన్ ట్రకింగ్ అసోసియేషన్స్ అంది. అది పెద్ద కంపెనీల సంఘం. సొంత బండ్లవాళ్ళ సంఘం మాత్రం కొరతేమీ లేదు, జీతాలు తక్కువై పోతున్నారు అంటుంది. పెద్ద కంపెనీల్లో చాలా ఏళ్ళపాటు ఏడాదికి నూటికి తొంభై మంది చొప్పున మారుతూ వచ్చారు. చిల్లు కుండలో నీళ్ళు నిలవడం లేదంటే నీళ్ళ కొరత అనగలమా? కార్మిక గణాంకాల శాఖ లెక్కలో 2024 మే నాటికి భారీ లారీ డ్రైవరు మధ్యస్థ జీతం ఏడాదికి 57,440 డాలర్లు. వారాల తరబడి ఇల్లు వదిలి ఉండడానికి అది చాలునా అన్నది మీరే ఆలోచించండి.

ఆ ఖాళీల్లోకి వలస వచ్చినవాళ్ళు వచ్చారు. మనకు తెలిసినవాళ్ళు పంజాబీలు. ఐ-40 మీద ఒక్లహోమాలో సేయర్ దగ్గర, ఐ-80 మీద వయోమింగ్‌లో లారమీ దగ్గర పంజాబీ దాబాలు వెలిశాయంటే వాళ్ళ సంఖ్య ఊహించుకోవచ్చు. రోడ్డు ట్రిప్పుల్లో అక్కడ వేడి వేడి పరాఠా తిని లారీవాళ్ళకు మనసులో దండం పెట్టుకున్న తెలుగు కుటుంబాలు చాలా ఉంటాయి. వీళ్ళమీద 2025లో వరసగా దెబ్బలు పడ్డాయి. డ్రైవరుకు ఇంగ్లీషు రావాలన్న నియమం పాతదే. 2025 ఏప్రిల్‌లో అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చాక, జూన్ 25 నుంచి రోడ్డు మీద పరీక్షించి, రాకపోతే అక్కడికక్కడే బండి దింపేయడం మొదలుపెట్టారు. ఆగస్టులో ఫ్లోరిడాలో ముగ్గురు చనిపోయిన ప్రమాదం జరిగాక, లారీ డ్రైవర్లకు వర్క్ వీసాలు ఆపుతున్నామన్నారు. సెప్టెంబరులో, పౌరసత్వం గానీ గ్రీన్ కార్డు గానీ లేనివాళ్ళలో చాలామందికి వాణిజ్య లైసెన్సు దొరకకుండా నియమం తెచ్చారు. నవంబరులో వాషింగ్టన్‌లోని అప్పీలు కోర్టు దాన్ని తాత్కాలికంగా ఆపింది. ఇది మారుతూ ఉండే వ్యవహారం. మనలో హెచ్-4 మీద వర్క్ పర్మిట్ ఉన్నవాళ్ళెవరైనా ఈ లైసెన్సు ఆలోచనలో ఉంటే, రేడియో మాట నమ్మకుండా మీ రాష్ట్ర లైసెన్సు ఆఫీసులోనే కనుక్కోండి. రోడ్డు మీద బోర్డులు చదవగలగాలి అన్నదాన్ని నేను కాదనను. కానీ ఏ ప్రమాదం జరిగినా డ్రైవరు ఊరూ పేరూ అడుగుతున్నారే తప్ప, అతను ఆ రోజు ఏ గోడౌను దగ్గర ఎన్ని గంటలు నిలబడ్డాడని ఎవరూ అడగడం లేదు.

ముందు ముందు డ్రైవరే ఉండడు కదా, ఈ బాధలెందుకు అని మా కంపెనీ కుర్రాళ్ళు అంటుంటారు. డాలస్, హ్యూస్టన్ల మధ్య ఐ-45 మీద ప్రయాణం చేసేవాళ్ళకు ఇది దూరపు సంగతి కాదు. 2025 ఏప్రిల్ చివర్లో అరోరా అనే కంపెనీ ఆ రోడ్డు మీదే డ్రైవరు సీట్లో మనిషి లేకుండా సరుకు లారీ నడిపింది. నెల తిరక్కుండానే, బండి తయారుచేసిన పక్కార్ కంపెనీ కోరిక మీద, సీట్లో ఒక మనిషిని మళ్ళీ కూర్చోబెట్టారు. అతను నడిపేవాడు కాదు, చూస్తూ ఉండేవాడు. ఇది చూసి నవ్వనక్కరలేదు, భయపడనక్కరలేదు. అంతకు ముందు 2023 ఒక్క సంవత్సరంలోనే వేమో తన లారీల పని పక్కన పెట్టింది, ఎంబార్క్ అమ్ముడుపోయింది, టుసింపుల్ అమెరికా వదిలింది. హైవే మీద సూటిగా రెండు వందల మైళ్ళు పోవడం యంత్రానికి వస్తుంది, ఇవాళ కాకపోతే రేపు. కానీ గోడౌను దగ్గర ఆరున్నర గంటలు? యంత్రానికి ఆకలి లేదు, ఇంటి బెంగ లేదు గనక ఎంతసేపైనా నిలబడుతుందనుకుంటే పొరపాటు. అంత ఖరీదైన బండిని ఊరికే నిలబెడితే దాని యజమాని ఊరుకోడు. డ్రైవరు అడిగితే ఇవ్వని నిరీక్షణ రుసుము, యంత్రం యజమాని అడిగితే ఇస్తారని నా అనుమానం. విద్యుత్తు లారీల మాటకొస్తే, టెస్లా 2017లో చూపించిన బండి 2022 డిసెంబరుకు గాని కొన్నవాడి చేతికి రాలేదు. నికోలా 2025 ఫిబ్రవరిలో దివాలా తీసింది. దగ్గరి దూరాలకు పనికొస్తాయి, దూరప్రయాణాలకు ఇంకా టైము పడుతుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. "ట్రక్కు మీ పేరు మీద, నడిపే బాధ్యత మాది, నెలకు ఇంత ఖాయం" అని ఎవరైనా చెబితే, ఇందాకటి 2.27 లెక్క గుర్తు తెచ్చుకోండి. కిరాయి వారం వారం మారే వ్యాపారంలో ఖాయం అన్న మాట ఎవరూ అనలేరు. 2023 జూన్‌లో ఫ్లోరిడాలో రాయల్ బెంగాల్ లాజిస్టిక్స్ అనే కంపెనీ మీద సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ కేసు వేసింది. లారీల పేరుతో దాదాపు 1,500 మంది దగ్గర 11 కోట్ల 20 లక్షల డాలర్లు తీసుకున్నారనీ, కొత్తవాళ్ళ డబ్బుతో పాతవాళ్ళకు చెల్లించారనీ ఆరోపణ. పెట్టుబడి పెట్టినవాళ్ళలో ఎక్కువమంది హైతీ నుంచి వచ్చినవాళ్ళు. ఒకే భాష, ఒకే చర్చి, ఒకరిని చూసి ఒకరు. మన దగ్గర అలాంటిది జరగదని నేను అనలేను, మనకూ ఒకరిని చూసి ఒకరు చేసే అలవాటు తక్కువేమీ కాదు. ఇంకొకటి. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు డబ్బు పెట్టడం వేరు, సాయంత్రం ఇంట్లో కూర్చుని ఆ లారీకి లోడ్లు వెతికిపెట్టడం వేరు. రెండోది పని కిందకు వస్తుంది. ముందు లాయరును అడగండి, తరవాత బావగారిని అడగవచ్చు.

నిజంగా ఇష్టం ఉండి, స్వయంగా నడిపే మనిషి తోడు ఉండి, ఆర్నెల్లు రాబడి లేకపోయినా వాయిదా కట్టగలిగితే, కిరాయిలు పడి ఉన్నప్పుడు పాత బండి చవకగా కొనడం తెలివైన పనే. అందరూ కొంటున్నప్పుడు కాదు.

ఒక్క చిన్న పని మాత్రం ఎవరైనా చేయవచ్చు. ప్రతి లారీ తలుపు మీద కంపెనీ పేరు, యు.ఎస్.డాట్ అని ఒక నంబరు రాసి ఉంటుంది. అది తప్పనిసరి. ఫెడరల్ మోటార్ క్యారియర్ సేఫ్టీ అడ్మినిస్ట్రేషన్ వారి వెబ్‌సైటులో ఆ నంబరు కొడితే, ఆ కంపెనీకి ఎన్ని బండ్లున్నాయి, ఎంతమంది డ్రైవర్లున్నారు, తనిఖీల్లో ఎన్నిసార్లు బండి ఆపేశారు, ఎన్ని ప్రమాదాలు జరిగాయి, అన్నీ ఉచితంగా కనిపిస్తాయి. వంద బండ్లున్నాయని మీకు చెప్పినాయనకు అక్కడ మూడే కనిపిస్తే, ఇంకేమీ అడగనవసరం లేదు, కాఫీ తాగి వచ్చేయండి. ఇల్లు మారేటప్పుడు సామాన్లు తీసుకుపోయే కంపెనీని కూడా ఇలాగే చూసుకోవచ్చు. రాష్ట్రం దాటే సామాన్లయితే వాళ్ళకూ ఆ నంబరు ఉండి తీరాలి.

ఇవాళ్టికి నాకిచ్చిన సమయం అయిపోయింది. ప్రశ్నలుంటే స్టూడియోకు రాయండి, వీలైనన్నిటికి జవాబు చెబుతాను. సెలవు. నమస్కారం.